మూడో గది పైకప్పు

మాధ్యమిక పాఠశాలకు యాభై ఏళ్ళు నిండుతున్నాయి. దాని చరిత్ర రాసుకోవడానికి హెడ్మిస్ట్రెస్, ఆ బడి కట్టిన మేస్త్రీ ఇంటికి వచ్చింది.

“…అది మాత్రం రాయకండి టీచరమ్మా.”

“ఏది? ఏటా సెలవుల్లో వచ్చి మూడో గది పైకప్పుకి ఊరికే పూత వేసి పోతారనా? అదే కదండీ రాయాల్సింది. ఈ రోజుల్లో ఎవరు చేస్తారు?”

“ఊరికేం కాదులెండి.”

“మరి?”

“మంచినీళ్ళు తాగుతారా?”

“తాగాను, రెండు గ్లాసులు. మాట మార్చకండి మేస్త్రీగారూ. మిగతా గదుల జోలికే పోరు. ఆ ఒక్కటే ఎందుకు?”

“అది ఆఖర్న పోసిన స్లాబు. పోశాక మూడు వారాల దాకా అడుగున నిలబెట్టిన ఆసరా కర్రలు తీయకూడదు.”

“తీశారా?”

“పదో రోజుకి ప్రారంభోత్సవం పెట్టుకున్నారు. గదినిండా ఆ కర్రలేమిటయ్యా, వచ్చేవాళ్ళ ముందు పరువు పోతుంది, తీసెయ్ అన్నారు బడి కమిటీవాళ్ళు.”

“తీసేశారు.”

“తీసేశాను. నేను కాదంటే ఇంకొకడి చేత తీయిస్తారు కదా అని సర్దిచెప్పుకున్నాను. అదంతా ఉత్తదే. భయపడ్డాను, అంతే.”

“ఏమైంది?”

“నడుమ కుంగింది. రెండంగుళాలు. అడుగున పూత దట్టంగా కొట్టి, మట్టం చేసి, సున్నం వేసేశాను. మర్నాడు రిబ్బను కత్తిరించి అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.”

“అయితే ఏటా మీరు వేసే పూత…”

“పగుళ్ళు కనపడకుండా. మొన్న వేసవిలో నిచ్చెనెక్కి చూస్తే లోపలి ఇనుము పొట్టు రాలుతోందమ్మా. వేళ్ళతో నలిపితే పొడైపోతోంది. ఇంక పూతకి లొంగే రకం కాదు. నా పేరు పెట్టే రాసుకోండి, పరవాలేదు. ముందు ఆ గదికి తాళం వెయ్యండి. ఎంతమంది కూర్చుంటున్నారు అందులో?”

“నలభై ఒక్కరు. ఏడో తరగతి.”

“తాళం వెయ్యమంటున్నాను. వింటున్నారా?”

“వింటున్నాను.”

“ముసలాడి చాదస్తం అనుకుంటున్నారా? ఇంజనీరుని పిలిచి చూపించండి.”

“చూశాడు. ఎప్పుడైనా కూలిపోవచ్చని రాసిచ్చి ఏడు నెలలైంది. పైకి పంపితే బడే మూయిస్తారు, అప్పుడు ఆడపిల్లల్లో సగం మంది చదువు మానేస్తారని ఆ కాగితం బీరువా అడుగున పెట్టేశాను. కట్టిన మనిషి కదా, గట్టిదేనమ్మా అని మీరొక్క మాట అంటారేమోనని వచ్చాను.”