బతికున్న కామాక్షమ్మ మరణ నమోదు గురించి

నా పేరు పాలెపు షైనీ. వయసు ఇరవై తొమ్మిది. నా భర్త మోహన్‌కృష్ణ ఉదయగిరిలో చెక్క గరిటెలు చెక్కుతారు. నేను ఉదయగిరి మండలం గట్టుకిందపల్లి సచివాలయంలో 2020 నుంచి డిజిటల్ అసిస్టెంట్‌గా పనిచేస్తున్నాను. జనం తెచ్చే దరఖాస్తులను నా లాగిన్‌తో కంప్యూటర్‌లో ఎక్కించడం నా పని.

నేను చెప్పేది నా మీదకే రావచ్చని ఆత్మకూరు మెజిస్ట్రేటు గారు ముందే చెప్పారు. నాకు అర్థమైంది.

2025 మార్చి 12, బుధవారం మధ్యాహ్నం మూడు గంటల పది నిమిషాలకు మా పంచాయతీ కార్యదర్శి మాధవ్ గారు, ఆయనతో సురేంద్రబాబు నా టేబుల్ దగ్గరికి వచ్చారు. సురేంద్రబాబుది మా ఊళ్లో పెద్ద రైతు కుటుంబం. ఆయన తెచ్చిన కాగితంలో, తన పిన్నమ్మ కామాక్షమ్మ ఫిబ్రవరి 2న ఇంట్లోనే చనిపోయిందని ఉంది. కామాక్షమ్మకు పిల్లలు లేరు. భర్త పోయాక నాలుగున్నర ఎకరాల మెట్ట ఆమె పేరు మీదికి వచ్చింది. ఆమె తర్వాత వారసుడు సురేంద్రబాబే.

జనవరిలో ఆమె మా ఆఫీసుకు వచ్చింది. బాగానే ఉంది. అందుకని, "జబ్బు చేసిందా అన్నా?" అని అడిగాను.

"పోయేవాళ్లు నీకు చెప్పి పోతారా? ఎక్కించు" అన్నాడు సురేంద్రబాబు.

మాధవ్ గారు, "సొంత మనిషే చెప్తా ఉంటే నీకేంది సందేహం?" అన్నారు.

నాకు సందేహం కలిగింది. కలిగినా బటన్ నొక్కాను. ఈ మాట పోలీసులకు ఇంతకుముందు చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను.

జూన్ 23, సోమవారం ఉదయం పదకొండు గంటల ఇరవై నిమిషాలకు కామాక్షమ్మ వచ్చింది. చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చింది. సోమశిలలో చెల్లెలికి కాలు విరిగితే చూసుకోవడానికి వెళ్లి, ఐదు నెలలు అక్కడే ఉన్నానని చెప్పింది.

"ఏం పాపా, బాగుండావా? పొలం కాగితం ఒకటి తీసియ్యి. మా పొలంలో ఎవరో దున్నతా ఉండారంట" అంది.

వేలిముద్ర మిషన్ మీద వేలు పెట్టమన్నాను. మొదటిసారి పడలేదు. చీర కొంగుకు వేలు తుడుచుకొని మళ్లీ పెట్టింది. సరిపోయింది. ఆమె పేరు, ఫొటో వచ్చాయి. వేలిముద్ర సరిపోయిందన్న చీటీ ప్రింటు తీశాను. తర్వాత పొలం కాగితం కోసం ఆమె ఆధార్ నంబరు కొడితే, ఈ వ్యక్తి మరణించినట్లు నమోదైంది అని ఎర్రక్షరాల్లో వచ్చింది. దాని కింద నమోదు చేసినవారి పేరు దగ్గర నా పేరు ఉంది.

ఆమె నా ఎదురుగా కూర్చొని చేత్తో విసురుకుంటోంది. నేను సర్వర్ లేదని చెప్పాను. పన్నెండున్నరకు మళ్లీ అడిగింది. సర్వర్ లేదన్నాను. మూడు గంటలకు అడిగింది. సర్వర్ లేదన్నాను. సర్వర్ ఉంది.

"పోనీలే పాపా, నువ్వు మాత్రం ఏం చేస్తావు" అని నాలుగు గంటల బస్సుకు మళ్లీ సోమశిలకు వెళ్లిపోయింది.

ప్రింటు తీసిన చీటీని నా క్యారేజీ అడుగు గిన్నెలో పెట్టుకొని ఇంటికి తీసుకెళ్లాను.

ఆమె వచ్చిన సంగతి సురేంద్రబాబుకు ఎవరు చెప్పారో తెలియదు. మరుసటి రోజు పది గంటల ఐదు నిమిషాలకు సురేంద్రబాబు ఆఫీసుకు వచ్చి, నా పక్కన కుర్చీ వేసుకొని కూర్చున్నాడు. ఒక్క మాట మాట్లాడలేదు. ఐదు గంటల దాకా పేపరు చదివాడు. బుధవారం కూడా పది గంటల ఐదు నిమిషాలకే వచ్చాడు. అదే పేపరు చదివాడు. ముందురోజుదే. తేదీ చూశాను.

జూన్ 26, గురువారం వచ్చినప్పుడు ఒక నీళ్ల సీసా నా కీబోర్డు పక్కన పెట్టాడు. మా పాప హర్షితది. గులాబీ రంగు. మూత దగ్గర పాప పంటితో కొరికిన గుర్తులున్నాయి. పాపకు ఆరేళ్లు. ఉదయగిరిలో ఒకటో తరగతి. ఆ రోజు ఉదయం ఎనిమిదింటికి ఆ సీసాలో నీళ్లు పోసి, మెడలో తగిలించి నేనే బస్సు ఎక్కించాను.

"స్కూలు బస్సు కాడ పడిపోయి ఉండాది. నీ బిడ్డదే గదా అని తెచ్చినా" అన్నాడు.

నేను స్కూలుకు ఫోన్ చేశాను. మొదటిసారి ఎవరూ ఎత్తలేదు. రెండోసారి టీచరమ్మ ఎత్తి, పాప క్లాసులోనే ఉందని చెప్పింది. నేను నిలబడి ఉన్నానని అప్పుడు గమనించాను.

తర్వాత మాధవ్ గారు టైపు చేసిన కాగితం ఒకటి తెచ్చారు. 23వ తేదీన వచ్చిన ముసలామె కామాక్షమ్మ కాదని, ఎవరో దొంగ పేరుతో వచ్చిందని అందులో నేను చెప్పినట్టు రాసి ఉంది.

"సంతకం పెట్టు. అందరం బతికిపోతాం" అన్నారు.

"అవ్వ ఏమైపోతాది సార్?" అన్నాను.

"సచ్చిపోయినామె ఏమైపోతాది?" అన్నాడు సురేంద్రబాబు. నవ్వలేదు.

ఒక్కరోజు టైము అడిగాను. శుక్రవారం సాయంత్రం దాకా అన్నారు.

ఇంటికి వెళ్లి నా భర్తకు చెప్పాను. ఆయన లేచి పాప బట్టలు సంచిలో సర్దారు. తర్వాత, "సంతకం పెడితే రేపు ఇంకోటి తెస్తారు. పాపను తీసుకొని నేను పోతాను. నువ్వు అవ్వ కాడికి పో" అన్నారు. పాప ఇప్పుడున్న ఊరి పేరు ఇందులో రాయవద్దని కోరుతున్నాను.

జూన్ 27, శుక్రవారం ఉదయం బస్సులో ఆత్మకూరు వచ్చి, అక్కడి నుంచి సోమశిల వెళ్లాను. దారిలో ఒక తెల్ల కారు బస్సు వెనకే వచ్చింది. అది మామూలు కారే కావచ్చు. సోమశిల చేరేదాకా నేను వెనక్కి చూస్తూనే ఉన్నాను. పదిన్నరకు కామాక్షమ్మ చెల్లెలి ఇంటికి చేరాను. కామాక్షమ్మ వాకిట్లో చేపలు కడుగుతోంది. ఆమె చనిపోయినట్టు నేనే ఎక్కించానని చెప్పాను.

ఆమె చేతులు నీళ్లలోనే పెట్టుకొని విన్నది. "ఎవురు రాయమనింది?" అని అడిగింది. చెప్పాను.

"వాడికి అన్నప్రాసన నా ఒళ్లోనే చేసినారు" అంది. నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది.

ఇద్దరం ఒంటిగంటకు ఆత్మకూరు పోలీస్ స్టేషన్‌కు వెళ్లాం. వేలిముద్ర చీటీ ఇచ్చాను. కేసు కట్టారు. శనివారం సురేంద్రబాబును పట్టుకున్నారు. మాధవ్ గారు కనబడటం లేదు. సోమవారం నన్ను సస్పెండ్ చేశారు, నా లాగిన్ ఆపేశారు. కామాక్షమ్మ పేరు ఇంకా మరణించినవారిలోనే ఉంది. కలెక్టరు ఆఫీసు నుంచి సరిచేస్తారని చెప్పారు. ఆమె ఈ రోజు నాతో వచ్చి కోర్టు వరండాలో కూర్చొని ఉంది. నాకు శిక్ష వేస్తే వేయండి. ఆమె పేరు ముందు సరిచేయించమని కోరుతున్నాను.

నిన్న రాత్రి మా ఇంటి తలుపు ఎవరో మూడుసార్లు తట్టారు. నేను తీయలేదు. అది కూడా రాయమని అడిగాను.

ఎవరైనా భయపెడితే ఇలా చెబుతున్నావా అని మెజిస్ట్రేటు గారు అడిగారు. చెప్పమని నన్నెవరూ భయపెట్టలేదు. చెప్పవద్దని భయపెట్టారు. ఇప్పుడు కూడా భయంగానే ఉంది.

పైన రాసినదంతా నాకు చదివి వినిపించారు. నేను చెప్పినట్టే ఉంది. ఇందులో అబద్ధం లేదు. మార్చి 12న రాసిన అబద్ధం నాదేనని ఒప్పుకుంటూ సంతకం చేస్తున్నాను.

(సంతకం) పాలెపు షైనీ
ఆత్మకూరు, 2025 జూలై 1, మధ్యాహ్నం 12.40