సదివినమని జెప్పిన ఉత్తరం

"అవ్వా, నౌకరికి కాయితాలు పంపుతున్న. వాటి మీద ఒక ఉత్తరం గూడ రాయాల్నంట, కవర్ లెటర్. ఎవ్వరు సదువరు, టైం దండుగ అంటున్నరు మా దోస్తులు. నువ్వు దఫ్తర్ల పనిజేసినవ్ గదా, నిజంగ సదువుతరా?"

గీ మాట నన్నే అడగాల్నా బిడ్డా... కూసో. ఫోన్ల రికార్డు చేస్కుంటవా? చేస్కో, నాకేంది. ఎన్నటికన్న ఎవలకన్న జెప్పాలె. మీ తాతకు గూడ జెప్పలే నేను గిది.

సదువుతరో సదువరో అంటె... నేను సదువలే. గదే ముచ్చట.

నాకు నౌకరి ఎట్లొచ్చిందో నీకెరికేనా? బోధన్ అవతల ఒక చిన్న చెక్కర మిల్లు ఉండె. పెద్ద ఫ్యాక్టరీ కాదు, ప్రైవేటుది. పేరెందుకు ఇప్పుడు, ఎప్పుడో మూతవడ్డది. మా బాపు అండ్ల రసం కాగబెట్టే కాడ పనిజేస్తుండె. ఓ సీజన్ల, చెరుకు బండ్లు గేటు దాక లైను గట్టినయ్, అగో గప్పుడు కామెర్లయి పోయిండు బాపు. పది రోజులు గూడ కాలే, మిల్లు సారు ఇంటికొచ్చి మా అవ్వతోని, "పెద్దపిల్ల పది పాసయింది గదా, దఫ్తర్ల కూసోవెట్కుంట" అన్నడు. గంతె. దరఖాస్తు లేదు, ఇంటర్వ్యూ లేదు. మా పిన్నమ్మ చీర కట్కొని పోయిన... కాదు కాదు, పిన్నమ్మది గాదు, ఎడపల్లి మేనత్తది. ఆకుపచ్చది. రాయకుంటనే నౌకరి దొరికినోళ్ళకు రాసేటోళ్ళ బాధ ఏమెరుక బిడ్డా.

రెండేండ్లకు మిల్లుల ల్యాబుకు మనిషి గావాలె అని పేపర్ల ఏసిండ్రు. చెరుకు రసంల తీపెంతున్నదో సూసే పని. ఇంటరుల సైన్సు సదివినోళ్ళు గావాలె. ఓ అబ్బో, కవర్లే కవర్లు! నిజామాబాద్ కెల్లి, ధర్మాబాద్ కెల్లి, యాడికెల్లో. గప్పుడు చాయ్ ఆఠానా, అంటె అర్ధ రూపాయి, పోస్టు కవరు అంతకన్న తక్కువే, అందరు పంపిండ్రు. సారు నన్ను పిలిచి, "సుగుణా, కవర్లన్ని ఇప్పు. పేర్లు, మార్కులు ఒక లిస్టు రాయ్. ఉత్తరాలు సదువు, ఎవలన్న ముఖ్యమైంది రాస్తె ఎర్ర పెన్సిలుతోని గీత గీసి నాకు సూపియ్యి" అన్నడు.

సూసినవా, సారు సదువుమనే అన్నడు. ఆయన మీద తప్పు పెట్టెతందుకు లేదు నాకు.

నాలుగైదు సదివిన. అన్ని ఒక్కతీరే. "మీ ప్రకటన చూచి మిక్కిలి సంతోషించితిని" అని, ఒక్కడే అందరికి టైపు కొట్టిచ్చినట్టు. నాకు ఇసుగొచ్చింది. ఉత్తరాలన్ని తీసి, సుతిలి తాడుతోని కట్ట గట్టి, బీరువ కిందికి తోసిన. దరఖాస్తు ఫారాలు, సర్టిఫికెట్లు, లిస్టు సారు ముంగట వెట్టిన.

"ఉత్తరాలు సదివినవా?"

"సదివిన సార్. ఏం లేదు అండ్ల."

సారు ఒక్కొక్కటి సూసుకుంట ఒకదాని కాడ ఆగిండు. మార్కులు అందరికన్న ఎక్కువ ఉన్నయ్. గని దరఖాస్తుల సుజాత అని ఉన్నది, సర్టిఫికెట్ల రాజమణి అని ఉన్నది. "ఇదేంది?" అన్నడు. నేను నోరు మూస్కొని ఉంటెనన్న అయిపోవు. "ఎవలిదో పెట్టినట్టుంది సార్, దొంగ సర్టిఫికెటు" అన్న. గా మాట నేనే అన్న బిడ్డా. సారు పేరు కొట్టేసిండు.

ఐదారు రోజులకు ఒకామె వచ్చింది. కందకుర్తి నుంచి. నా ఈడుదే. బస్సు దిగి ఎండల నడ్సుకుంట వచ్చింది, కాళ్ళ నిండ దుమ్ము. కిటికి కాడ నిలవడి, "అక్కా, నేను సుజాతను. నా ఉత్తరం సదివిన్రా? అన్ని అండ్లనే రాసిన" అన్నది.

నేనేమన్ననో ఎరికేనా? "సదివినం. సదివినంకనే సారు వద్దన్నడు."

ఆమె, "సదివిన్రు గదా. ఇగ సరె అక్కా" అని పోయింది. మంచినీళ్ళు గూడ అడగలే.

ఆమె పోయినంక బీరువ కింది కట్ట ఇప్పిన. ఆమె ఉత్తరం నీలి సిరాతోని, చేతిరాత. ఆమెను ఇచ్చిన ఇంట్ల అత్త పేరు గూడ రాజమణేనంట. ఒక్కింట్ల ఇద్దరు రాజమణులైతె ఎట్ల పిలుసుడు అని, పెండ్లినాడు ఈమె పేరు సుజాత అని మార్చిండ్రంట. మనదిక్కు ఉండె గదా గట్ల. సర్పంచి సంతకం వెట్టిన కాయితం గూడ ఉత్తరానికే గుచ్చి ఉన్నది. అంటె నేను ఉత్తరం తీసినప్పుడు అది గూడ పోయింది.

ఇంక ఎవల్ని తీస్కోలే అప్పటికి. సారు రూము తలుపు దాక పోయిన, ఉత్తరం చేతుల వట్కొని. సారు ఫోన్ల మాట్లాడుతుండు. మర్లొచ్చిన. ఉన్న ఒక్క నౌకరి పోతె అవ్వ, ఇద్దరు చెల్లెండ్లు ఏమైతరో అని బుగులు అనుకున్న. బుగులు గాదు. షరం, సిగ్గు. సదివిన అని రెండుసార్లు జెప్పిన గదా నోటితోని. తెల్లారి ఆ ఉత్తరం పదిసార్లు సదివి, బాయిలర్ల చెరుకు పిప్పి ఏసే కాడికి పోయి నిప్పుల ఏసిన.

ఏడుస్తలేను. చెప్పనియ్యి.

మల్ల ఆమెను కరోనా పోయినంక సూసిన. ఇందల్వాయిల ఒక పెండ్లి. బంతిల నా పక్కకే కూసున్నది ఒక ముసలామె. నన్నే సూసి, "నువ్వు మిల్లుల అక్కవు గదా, నా ఉత్తరం సదివిన అక్కవు" అన్నది. ఏం పనిజేసినవమ్మా అని అడిగిన. వేళ్ళు సూపిచ్చింది. బీడీలు. జన్మంత బీడీలే చుట్టింది.

"మల్ల యాడ దరఖాస్తు వెట్టలేదా?"

"ఎందుకు పెడ్తనక్కా. సూడకుంట వద్దంటె ఇంకోతాన పెడుదును. మీరు అంత సదివి గూడ వద్దన్నరంటె, నాలనే ఏదో తక్కువున్నదనుకున్న."

బిడ్డా, గప్పుడు జెప్పిన. మొత్తం జెప్పిన, బీరువ, సారు, బాయిలరు. ఆమె తిట్టలే. తిడితె మంచిగుండు. "ఏం రాసిన్నో నాకు యాదికే లేదక్కా. నీకున్నదా?" అన్నది.

ఉండదా మల్ల? జెప్పిన. ఆఖరి మాటలు గిట్లుండె: "అయ్యా, నాకు చెరకు గురించి ఏమియు తెలియదు. కాని కాలేజీ ల్యాబులో గాజు గొట్టములో రంగు మారుచుండగా చూచినప్పుడు, నాకు ఆకలి కూడ తెలిసేది కాదు. పని నేర్పినచో నేర్చుకొందును."

ఆమె చెంగుతోని మూతి తుడుసుకున్నది. "మంచిగనే రాసిన గదక్కా" అన్నది. గంతె. లేచి చేతులు కడుక్కొని పోయింది. నా దిక్కు మల్ల సూడలే, నేను గూడ పిలువలే. ఏ ముఖం వెట్టుకొని పిలుస్త?

రాయి బిడ్డా. పదిమంది సదువకపోవచ్చు, నాసోంటోళ్ళు కట్ట గట్టి పడేయొచ్చు. టైపు సెంటరు మాటలు గాకుంట నీ మాటలు రాయి, నువ్వెవలో కాయితాలు జెప్పవు. జవాబు రాకుంటె నాల ఏదో తక్కువున్నదని మాత్రం కూసోకు. అవతల ఎవలున్నరో మనకెరుకనా. ఇంకోతాన రాయి. రేపు ఉత్తరాలు ఇప్పే కుర్సీ నీకే దొరికితె... ఆఁ... దొరుకుతది, సల్లగుండు నా తల్లి. పో, ఇగ పోయి రాస్కో. నేను కొద్దిసేపు గిట్లనే కూసుంట.