కాజు మీద కంప్లైంటు

అశోక్‌నగర్‌లో ఒక అపార్ట్‌మెంటు. పై అంతస్తులో అద్దెకుంటున్న మహిత, నెల కిందట తెచ్చి పెంచుకుంటున్న కుక్క కాజుతో గేటు దాటబోతోంది. అక్కడ కాపలా, ఊడ్పు రెండూ తానే చూసుకునే కురుమమ్మ చీపురుతో సహా అడ్డం నిలబడింది.

“జరుగు కురుమమ్మా, ఆటో వచ్చేస్తోంది.”

“జర ఆగమ్మా. ఇంకో వారం చూడరాదా?”

“ఇంకెన్ని వారాలు? కాజుని ఎక్కడ తెచ్చానో అక్కడే ఇచ్చేస్తానని సెక్రటరీగారికి మాటిచ్చాను. లేకపోతే నేను ఫ్లాటు ఖాళీ చెయ్యాలట.”

“వీరరాఘవరావు సారు గట్లనే అంటడు. కోపం పోతది.”

“పోదు. నిన్న ఆఫీసుకి ఫోన్ చేసి మరీ కడిగేశారు. మీ కుక్క ఏడుపుకి ఇంట్లో మధ్యాహ్నం కునుకు లేదమ్మా అని.”

“ఆ తాళాల ముచ్చట బంద్ జేసినవా?”

“ఏ తాళాలు?”

“గదే, ఏడుపు మాన్పనీకి కుక్కల డాక్టర్ జెప్పిండంటివి గదా. పోకున్నా తాళాలు చప్పుడు జేసుడు, చెప్పులేస్కొని మళ్ల కూసునుడు...”

“అన్నీ చేశాను. ఒక నిమిషం బయట నిలబడ్డాను, తర్వాత ఐదు, తర్వాత గంట. ఆదివారాలు మెట్ల మీద కూర్చుని వింటే చప్పుడే ఉండదు. ఆఫీసుకి వెళితే మాత్రం మొదలు. రోజూ నువ్వే చెప్తావుగా, పదింటి నుంచి రెండింటి దాకా ఏడ్చిందని.”

“నేనా... ఆ, జెప్పిన.”

“మరి?”

“పాత చున్నీ పక్కన ఏస్తే? మన వాసనకు...”

“వేశాను. దాని మీదే పడుకుంటుంది. అయినా నీకెందుకివన్నీ?”

“ఊకనే. అన్నీ మంచిగ జేస్తే ఎన్నొద్దులకు మాన్తదమ్మా?”

“మానదు. చూశావుగా. కొన్ని ప్రాణాలు ఒంటరిగా ఉండలేవంతే. ఎంత చేసినా మానవు.”

“గట్లనకు.”

“ఉన్నమాటే. నాకు మాత్రం బాధగా లేదా? రాత్రంతా దాని మొహం చూస్తూ కూర్చున్నాను... అయ్యో, నువ్వెందుకు ఏడుస్తున్నావు?”

“కాజును ఇయ్యకమ్మా. నీ కాళ్లు మొక్కుత.”

“లే కురుమమ్మా, ఏంటిది! అదిగో ఆటో. కాజూ, పద.”

“అది ఏడ్వలే.”

“ఏంటి?”

“పదిహేనొద్దులాయె, కాజు నోరు దెరవక. నువ్వు పోంగనే పంటది.”

“మరి రోజూ నాతో...”

“అబద్ధం జెప్పిన. ఏడ్సేది మా చెల్లె.”

“మీ చెల్లెలా? ఎక్కడ?”

“డాబా మీద, నీళ్ల ట్యాంకు పక్క నా రూముల. మా అమ్మ సచ్చిపోయినంక పాలమూరు నుంచి తోల్కొచ్చిన. ముప్పై ఏండ్లుంటయ్ గని, బుద్ధి సంటిపిల్లది. తాళమేసి కింద ఇండ్లల్ల పనికి దిగుత. ఆదివారం పని లేదు, దాని పక్కనే ఉంట. వీరరాఘవరావు సారు ఇంట్ల గిన్నెలు తోముకుంట దాని ఏడుపు ఇంట. తాళాల చప్పుడు, నా పాత చీర... నువ్వు జెప్పినవన్నీ జేసి సూసిన.”

“మానలేదా?”

“మానలే.”

“సారుకి నేను చెప్తాను. అర్థం చేసుకుంటారు.”

“వద్దు! పిచ్చిదాన్ని ఇంట్ల పెట్టినవని ఆ పొద్దే ఎల్లగొడ్తరు. ముందు నేనున్న బిల్డింగుల గదే అయ్యింది, గందుకే నెల కింద ఈడికొచ్చిన.”

“మరి కాజుని ఉంచుకుంటే నన్ను వెళ్లగొడతారు కదా.”

“ఎన్నడు పొమ్మన్నడు?”

“నెలాఖరుకి.”

“గీ నెలన్న కాజును ఉంచమ్మా. అప్పటిదాంక కుక్కే ఏడుస్తుందనుకోనియ్యి.”