ఏనుగును వెనక్కి తెచ్చినవాడు

"బావా, నీకు పుణ్యముంటుంది, ఆవిడ టీ తాగి వెళ్ళేదాకా నోరు విప్పకు" అని ఎలక్ట్రీషియన్ టీకొట్టు దాకా దారి పొడుగునా బతిమాలుతూనే వచ్చాడు. మూతబడ్డ థియేటర్లో పెద్ద మ్యాజిక్ షో మళ్ళీ మొదలవబోతోంది. రోజూ ఆడాలి, ఏళ్ళ తరబడి ఆడాలి. దాన్ని నడపబోయే మేడం, అంటే పాత మెజీషియన్ గారి కూతురు, ఆ కొట్లోనే కూర్చుని పనివాళ్ళ కోసం వెతుకుతోంది. అక్క ఇల్లు కూడా తన సంపాదన మీదే గడుస్తున్న ఎలక్ట్రీషియన్‌కి బావకి ఉద్యోగం దొరుకుతుందేమోనని ఈ కబురుతో ప్రాణం లేచివచ్చినట్టయింది. చిక్కల్లా బావతోనే. ఆయన్ని పేట మొత్తం తారాజువ్వ అంటుంది. నిప్పు చూపిస్తే చాలు, ఇక ఆయన నేల మీద ఉండడు.

ఆ నిప్పు కాస్తా కొట్లో టీ తాగుతున్న దర్జీ అంటించాడు. "ఏమండీ, పాత ఆటలో మీరూ పనిచేశారటగా?"

"ఆ, ఏదో చేశాం, అదేం పెద్ద విషయం" అన్నాడు తారాజువ్వ. మూలబల్ల మీద కూర్చున్న మేడం వైపు ఓరకంట చూశాడు. "మొదటిరోజు తెర ఇరుక్కుపోయింది. నేనే పైకెక్కి లాగాను. అంతే."

ఎలక్ట్రీషియన్ ఊపిరి పీల్చుకున్నాడు. అంతటితో ఆగి ఉంటే ఎంత బాగుండేది!

"కానీ ఆ తర్వాత ఏమైందో తెలుసా? పెట్టెలో ఆడమనిషిని రెండుగా కోసే ఐటం ఉందే, అదొకరోజు అడ్డం తిరిగింది. పై సగం స్టేజీ మీద నవ్వుతూనే ఉంది, కింది సగం చెప్పులేసుకుని ఇంటికి వెళ్ళిపోయింది! ఎవరు వెతికి తెచ్చారనుకున్నారు? నేనే. వాళ్ళాయన తలుపు దగ్గర నిలబడి, 'ఇంతసేపూ ఎక్కడికెళ్ళావే' అని దాన్ని దులిపేస్తున్నాడు."

"జవాబు చెప్పిందా మరి?" అన్నాడు టీకొట్టాయన.

"నోరు పై సగంలో కదయ్యా ఉంది! అందుకే ఆ ఒక్కరోజూ వాళ్ళింట్లో గొడవ లేదు."

ఎలక్ట్రీషియన్ బల్ల కింద బావ కాలు తొక్కాడు. తారాజువ్వ కాలు పక్కకు జరుపుకున్నాడు గానీ కథ ఆపలేదు.

"అసలు తంటా వినండి. ఒకరోజు ఏనుగును మాయం చెయ్యడం ఎవరైనా చేస్తారు. రోజూ చెయ్యాలంటే? ఇవాళ మాయమైంది తిరిగి రాకపోతే రేపటి ఆటకి ఏం చూపిస్తాం? సరిగ్గా అదే జరిగింది. ఏనుగు పోయింది, మళ్ళీ రాలేదు. మెజీషియన్ గారు నా చేతులు పట్టుకున్నారు. 'నువ్వే దిక్కు' అన్నారు. సరేనని నన్నూ మాయం చెయ్యమన్నా."

"మాయమయ్యారూ?" అన్నాడు దర్జీ.

"అవక! మాయమైనవన్నీ ఒకచోటే ఉంటాయయ్యా. గొడుగులు, చెప్పులు, నీ పాత కత్తెర కూడా అక్కడే ఉంది. వాటి మధ్యన ఏనుగు హాయిగా పడుకుని ఉంది. రానంటుంది. చెవి పట్టుకుని లాక్కొచ్చాను. ఆ రోజు నుంచీ నేను ఈలేస్తే తప్ప..."

"చాలు బావా!" ఎలక్ట్రీషియన్‌కి ఒళ్ళు మండిపోయింది. "నువ్వు పనిచేసింది సైకిల్ స్టాండులో. ఒక్కనాడైనా హాల్లో అడుగుపెట్టావా?"

కొట్టంతా గొల్లుమంది. తారాజువ్వ మొహం చిన్నబోయింది. అది చూసి ఎలక్ట్రీషియన్ నాలుక కరుచుకున్నాడు. అక్కకి ఏం చెప్పాలి ఇప్పుడు?

మేడం గ్లాసు కింద పెట్టింది. "సైకిల్ స్టాండా? అయితే మీరే కావాలి. ఆట చూసి బయటికొచ్చినవాళ్ళు ఆ కిటుకు ఎలా చేశారో తేల్చుకునేది అక్కడే. ఒక్కడు సరిగ్గా ఊహించాడంటే ఊరంతా పాకుతుంది, ఇక ఎవరూ టిక్కెట్టు కొనరు. వాళ్ళని దారి తప్పించే మనిషి నాకు కావాలి. కానీ పొరపాటున కూడా నిజం నోరుజారకుండా, ఆ మనిషికి లోపలి గుట్టు ఒక్కటి కూడా తెలిసుండకూడదు. చెప్పండి, మీకు ఏమైనా తెలుసా?"

అందరూ తారాజువ్వ మొహంలోకి చూశారు. ఎలక్ట్రీషియన్ మనసులో దణ్ణం పెట్టుకున్నాడు. ఒక్క ముక్క, బావా. ఒక్కసారి 'తెలీదు' అను.

తారాజువ్వ చొక్కా గుండీ తిప్పాడు. "ఏమీ... తెలీదమ్మా. అన్నీ కోతలే." అంతలో దర్జీ కిసుక్కుమనేసరికి ఉండబట్టలేకపోయాడు. "ఏనుగు సంగతి మాత్రం నిజం!"

ఎలక్ట్రీషియన్ తల పట్టుకున్నాడు.

మేడం లేచి చీర కుచ్చిళ్ళు సర్దుకుంది. "ఏనుగును పెట్టాలని నాన్నగారికి ఎంతో ఉండేది. స్టేజీ ఆ బరువు మొయ్యదన్నారు. మా ఆటలో ఏనుగే లేదండీ" అంది నెమ్మదిగా. "రేపు పొద్దున్నే పనిలోకి వచ్చెయ్యండి."

ఆవిడ వెళ్ళగానే ఎలక్ట్రీషియన్ బావను కావలించుకున్నంత పని చేశాడు. "పద బావా, ముందు అక్కకి చెబుదాం!"

తారాజువ్వ బల్ల మీద నుంచి కదల్లేదు.

"ఉద్యోగం సరేరా" అన్నాడు. "నలుగురిలో ఏనుగు లేదనేసిందేమిట్రా ఆవిడ?"