ఒక్క గంట నాన్న

చేవెళ్లలో పగ్గాలు, పారలు, తట్టలు అమ్మే రామేశ్వర్ ఇల్లు ఆ దుకాణం వెనకే ఉంది. రేపు మొయినాబాద్ దగ్గరి పేరున్న రెసిడెన్షియల్ స్కూలులో కూతురు అక్షిత సీటు కోసం తల్లిదండ్రుల ఇంటర్వ్యూ. భర్త కొత్త అంగీ కృష్ణవేణి చేతిలో ఉంది. గచ్చిబౌలి నుంచి వచ్చిన మరిది సాయిదీప్‌కు ఆమె దాన్ని ఇవ్వడం లేదు.

"ఇయ్య. మీ కోసం కొన్న అంగీ ఇది."

"అంగీకి ఏం లొల్లి వేణీ? సాయికి సరిగ్గ సరిపోయింది."

"సరిపోతది. ఒక్క తల్లి పిల్లలు. అంగీ సరిపోయిందని మొగుని జాగల మరిదిని కూసోబెట్టుకోవాల్నా నేను?"

"జర మెల్లగ. బయట గిరాకీ ఉన్నది."

"ఉండనీ."

"వదినా, నాకు గూడ మంచిగ అనిపిస్తలేదు. అన్ననే పొద్దటిసంది బతిమిలాడుతుండు."

"ప్రగతికి చెప్పినవా సాయీ, రేపు నాకు మొగుడివై పోతున్నవని?"

"ప్రగతికా... ఆఫీసుల మీటింగ్ అని చెప్పిన."

"చూసిండ్రా? సొంత పెండ్లానికి చెప్పే మొకం లేదు."

"ఒక్క గంట వేణీ. నేను లేకుంటే వాడు గల్లా మీద కూసోడా? గిరాకీ వాపస్ పోతదా? ఇది గూడ గట్లనే."

"బిడ్డ పారనా, తట్టనా?"

"మరి నన్నేం చెయ్యమంటవ్? రెండు స్కూళ్లు పోయినయ్. రెండు దిక్కుల బిడ్డ పరీక్ష పాసైంది. రెండు దిక్కుల నేను పోయి కూసున్నంకనే సీటు పోయింది. బిడ్డను కొడ్తరా అని ఇంగ్లీషుల అడిగిండ్రట, ఎస్ సార్ అన్న. ఎప్పుడెప్పుడు కొడ్తరంటే గూడ ఎస్ సార్ అన్న. అర్థమైతే గదా!"

"నేనూ పక్కనే ఉంటి. నేనూ తలకాయ ఊపిన. బయటికొచ్చినంక అక్షిత చెప్తేనే తెలిసింది."

"సేటూ! రెండు పగ్గాలియ్యి, ఎంతసేపు?"

"వస్తున్న కుర్మయ్యా, జర ఆగు!"

"ఆ కుర్మయ్యతోని అరగంట మాట్లాడుతరు, ఏ ఎద్దుకు ఏ పగ్గం అని. సార్ల ముందటనే మీ నోరు పడిపోతది."

"ఈ మాటలు ఆడ నడువయి వేణీ."

"సాయీ, నువ్వు చెప్పు. నిజంగ వస్తదా సీటు?"

"అరవై మందిని పిలిచిండ్రు వదినా, సీట్లు ఇరవై. మార్కులల్ల అక్షితది తొమ్మిదో నంబరు. తల్లిదండ్రుల ఇంటర్వ్యూ మంచిగైతే వస్తది. కాకపోతే..."

"కాకపోతే లేదు! ఆరో తరగతిల తప్ప తీస్కోరు. ఈ ఏడు దాటితే అయిపాయె. ఈ ఒక్కటే మిగిలింది. నీ కాళ్లు మొక్కుత వేణీ."

"అయ్యో, గవేం మాటలు! చేవెళ్లల బడి లేదా?"

"ఉన్నది. నేను చదివింది ఈడనే. చూస్తున్నవ్ గదా నన్ను."

"అన్నా, ఆధార్ అడిగితే?"

"మర్చిపోయి వచ్చిన అను. ఇంగ్లీషుల అను, ఊకుంటరు. అక్షితా! ఇటు రా బిడ్డా. రేపు లోపల బాబాయిని ఏమని పిలుస్తవ్? పొద్దున నేర్పిన గదా."

"నాన్న."

"గట్టిగ."

"నాన్న అంట. మరి సీటొస్తే?"

"సీటొస్తే బాబాయి ఆయన ఇంటికి ఆయన పోతడు. అయిపాయె."

"కాదు. ఆడ నెలకొక ఆదివారం కలవనిస్తరు. మొన్న పరీక్ష కాడ మేడం చెప్పింది. అప్పుడు ఎవరొస్తరు?"

"నేనొస్త. ఇంకెవరొస్తరు?"

"ఆడ నువ్వు నాన్నవు కాదు గదా."

"అక్షితా, ఇప్పుడు గదంతా ఎందుకమ్మా..."

"ఉండు సాయీ, దాన్ని అడగనీ. చెప్పుండ్రి. బిడ్డ అడుగుతున్నది."

"వస్త... పెద్దనాన్న లెక్క వస్త. ఏమైతది? చూసుడైతే చూస్త గదా."

"ఏడేండ్లు నాన్నా. పన్నెండు దాక ఆడనే ఉండాలె."

"ఏడేండ్లయితే ఏమాయె? ముందల 'పెద్ద' అని ఒక్క మాట పెట్టుకో బిడ్డా. నాన్న అనేది ఎనుక ఎట్లనూ ఉంటది."

"అన్నా, నాతోని కాదన్నా. నేను పోను."

"సాయీ! నువ్వు గూడ గట్లంటే ఎట్లరా? పోయింది. ఇగ ఇది గూడ పోయింది."

"ఏడ్వకుండ్రి. బిడ్డ చూస్తున్నది."

"నా వల్లనే పోతది వేణీ. నా నోటితోనే పోతది దాని చదువు."

"సేటూ! ఉన్నవా, పండుకున్నవా?"

"కుర్మయ్యా, జర కూసో. ఆయన వస్తడు. మీరందరు ఒక్క మాట ఇనుండ్రి. సాయి ఇంటికి పోతడు. రేపు ముందుగాల నేనొక్కదాన్నే లోపలికి పోత. తండ్రి ఏడి అని అడుగుతరు. గేటు కాడ నిలబడ్డడు సార్, మీ ఇంగ్లీషుకు భయపడి సొంత బిడ్డకు పెద్దనాన్ననైత అంటుండు, మీరే పోయి తెలుగుల పిలువుండ్రి అని చెప్త."