ఎదురుకాళ్ళు

కోనసీమలో ఒక ఊరు. అరుగు మీద హరిబాబు బోర్లా పడుకుని ఉన్నాడు. పెనుగొండలో అత్తవారింటి నుంచి పొద్దుటే దిగిన వెంకటదుర్గ అతని పక్కన నిలబడింది. లోపల చాప మీద ఆమె తండ్రి అప్పాజీ వాళ్ళ మాటలు వింటున్నాడు.

"గట్టిగా తొక్కకమ్మా దుర్గా, నీకు పుణ్యముంటుంది. పొద్దస్తమానం ఎస్టీడీ బూతులో కుర్చీకి అతుక్కుపోయిన నడుం ఇది."

"ఇంకా కాలే ఎత్తలేదు బాబాయ్. ముందు దణ్ణం పెట్టుకోనీ. పెద్దవాడివి, నీ మీద కాలేస్తే నాకు పాపం."

"ఆ పాపమేదో చెరి సగం పంచుకుందాంలే. నొప్పెడుతుందా?"

"పెడుతుంది. చొక్కా పైకి లాక్కో. బుగ్గ నేలకి ఆనించు. చేతులు పక్కకి పడెయ్. అదిగో, బిగబడుతున్నావు. బిగబడితే నరం దొరకదు. ఊపిరి వదులు... వదులు... ఇంకా వదులు..."

"ఓరి నాయనో! చచ్చాను!"

"చావలేదు. ఎక్కడ పలికింది?"

"ఎక్కడేంటే, నడుంలో మొదలై పిక్కదాకా పీకేసింది!"

"పీకాలి. నొప్పి పలికిందంటే నరం బతికున్నట్టు. పలక్కపోతేనే భయపడాలి. మళ్ళీ ఊపిరి తీసుకో."

"మళ్ళీనా? వద్దు తల్లీ, ఇంటికాడ పిల్లలు... అమ్మో! అమ్మో... అబ్బా! అదేంటే? ముడి విప్పినట్టు వదిలేసింది!"

"గబుక్కున లేవకు. పక్కకి ఒత్తిగిల్లి, చెయ్యి ఊతమిచ్చి లే. ఇవాళ మంచం ఎక్కకు, నేల మీదే పడుకో. వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళు."

"ఆయ్, అలాగే. ఎదురుకాళ్ళతో పుట్టిన పిల్ల కాలంటే కాలే మరి! గౌనేసుకునే రోజుల నుంచీ ఊళ్ళో ఎన్ని నడుములు తొక్కావే నువ్వు? మీ నాన్న నడుం మాత్రం..."

"బాబాయ్."

"నిజమే కదా అంటున్నాను. నిన్ను ఫోన్ చేసి రప్పించింది నా నడుం కోసమనుకున్నావా? తుని నుంచి వచ్చిన కాడ్నుంచి మనిషి గుమ్మం దాటలేదు. అడిగితే బావుందంటాడు. మా ఆవిడ కంచం పట్టుకెళ్తే అక్కడ పెట్టి పొమ్మంటాడు."

"హరిబాబూ! తొక్కించుకున్నావుగా, ఇంక బూతు తెరుచుకో పో!"

"చూశావా, నోటికి మాత్రం ఏ నొప్పీ లేదు. వెళ్తున్నా అన్నయ్యా, వెళ్తున్నా. దుర్గా, ఏం కావాలన్నా కేకెయ్, పక్కనే ఉంటాను."

హరిబాబు వెళ్ళాడు. దుర్గ లోపలికి వచ్చింది.

"పిల్లల్ని వదిలేసి అంతదూరం నుంచి ఎందుకొచ్చావే?"

"నిన్ను చూద్దామని."

"చూశావుగా. సాయంత్రం బస్సుంది."

"లే నాన్నా, అన్నం పెడతాను."

"ఆకలి లేదు."

"పోనీ లేచి కూర్చో."

"పడుకుంటేనే హాయిగా ఉంది."

"నడుం ఎలా ఉంది?"

"బాగుంది."

"నొప్పి?"

"లేదు."

"లేకపోవడమేంటి?"

"లేదంటే లేదు. తుని ఆయన తీసేశాడు. ఇద్దరు మనుషులు చంకలు పట్టుకున్నారు. ఆయన వీపుకి మోకాలు ఆనించి వెనక్కి విరిచాడు. టక్కుమంది. అంతే! మళ్ళీ ఆ నొప్పి ఎరగను. గునపం మీదకి వంగి కొబ్బరికాయలు ఒలిచీ ఒలిచీ, నొప్పి లేకుండా పడుకోవడం ఎలా ఉంటుందో మర్చిపోయానే నేను. ఇప్పుడు వీపున్నట్టే తెలీటం లేదు."

"మరి అక్కణ్ణుంచి ఎలా వచ్చావు?"

"బస్సు మీద."

"నడిచి ఎక్కావా?"

"ఎక్కించారు."

"ఎవరు?"

"ఎవరో. అన్నీ కావాలి నీకు. కాళ్ళు కాస్త తిమ్మిరెక్కాయి. సర్దుకుంటాయన్నాడు ఆయన. సర్దుకోగానే ఒలుపుకి వెళ్ళాలి, తోటలో కాయ దింపించి పోగేశారు."

"ధవళేశ్వరంలో ఎవరో తైలం రాస్తే నెలంతా అక్కడే పడున్నావు. ఇంకెవరో వాత పెడతానంటే పెట్టించుకున్నావు. కాకినాడ పెద్దాసుపత్రికి రా, ఫొటో తీయిద్దాం అంటే రావు. ఇప్పుడు తునిలో విరుపు. ఎవరెవరి చేతులో పడ్డాయి నీ నడుం మీద. నా కాలొక్కటే పనికిరాలేదు."

"మొదలెట్టావా?"

"మొదలెట్టడమేంటి, చిన్నప్పట్నుంచీ అడుగుతున్నాను. ఎవరన్నా తొక్కించుకోడానికి వచ్చారంటే నువ్వు తోటలోకి వెళ్ళిపోయేవాడివి. మేనత్త నా రెక్క పట్టుకుని వాళ్ళ మీద నిలబెట్టేది. నేను కిందకి దిగి చూస్తే నువ్వుండేవాడివి కాదు."

"పనుండి వెళ్ళేవాణ్ణి."

"ఈ కాళ్ళు ముందు రాబట్టే అమ్మ చచ్చిపోయిందనే కదా?"

"ఛీ, నోర్ముయ్! ఎవరన్నారా మాట?"

"ఎవరూ అనలేదు. నువ్వూ అనలేదు. కాదని కూడా ఎప్పుడూ అనలేదు."

"కాదు. ఇదిగో, ఇప్పుడంటున్నాను. కాదు."

"అయితే బోర్లా పడుకో. ఒక్కసారి కాలు వెయ్యనీ."

"నొప్పే లేనోణ్ణి ఏం తొక్కుతావే?"

"లేకపోతే లేచి నిలబడు. లే నాన్నా. ఆ గుమ్మం దాకా నడిచి చూపించు, సాయంత్రం బస్సెక్కి వెళ్ళిపోతాను. మళ్ళీ ఈ మాట ఎత్తను."

"మీ అమ్మలాగే పట్టావంటే వదలవు గదా. సరే, తిప్పు."

"నువ్వే తిరుగు."

"పట్టవే కాస్త. తిమ్మిరన్నానా!"

"అబ్బ, ఏంటి నాన్నా ఇంత బరువు? నువ్వసలు సాయం పట్టడం లేదు. చాపేంటి, తడిసింది?"

"చెంబు ఒలికింది."

"చెంబు వాకిట్లో ఉంది."

"ఒలికిందన్నాను కదే! పొడి గుడ్డేదన్నా వేసి ఊరుకో."

"...వేశాను. పంచె కూడా మారుస్తానుండు."

"వద్దు! కూతురివి. ఆ దుప్పటి కప్పు, చాలు."

"కప్పాను. బుగ్గ నేలకి ఆనించు. చేతులు వదిలెయ్."

"ఇందాక హరిబాబుకి చెబుతుంటే విన్నాన్లే. దణ్ణం పెట్టుకున్నావా?"

"పెట్టుకున్నాను. ఊపిరి వదులు నాన్నా... వదులు..."

"ఆగు. ఆగవే. కాలు వెయ్యకముందు ఒక మాట చెప్పాలి. అది విన్నాక వెయ్యాలనిపిస్తే వెయ్యి, లేకపోతే మానెయ్. వింటున్నావా?"

"ఊఁ."

"నువ్వు పుట్టిన పూట ఏరు పొంగి పడవ కట్టేశారు. దాటి ఆసుపత్రికి తీసుకెళ్ళే దారి లేదు. బుల్లెమ్మే మంత్రసాని. గుమ్మంలోకి వచ్చి, అప్పాజీ, బిడ్డ కాళ్ళు ముందొచ్చాయి, ఇద్దరూ దక్కరు, ఎవరు కావాలో చెప్పమంది. దుర్గా..."

"చెప్పు నాన్నా."

"మీ అమ్మ కావాలన్నాను నేను. ఆలోచించనైనా లేదే. సత్యకుమారిని దక్కించు, బిడ్డ పోతే పోయిందన్నాను. లోపల్నుంచి మీ అమ్మ వింది. నువ్వెవరు చెప్పడానికి, నా బిడ్డే కావాలంది. అరిచింది. బుల్లెమ్మ దాని మాటే విని తలుపేసేసింది. నా మీద అంత గట్టిగా అరవడం అదే మొదలు, అదే ఆఖరు. పోతే పోయిందన్న కాళ్ళు అవి. ఊరందరూ వాటికింద పడుకుంటుంటే చూడలేక తోటలోకి పోయేవాణ్ణి. నా నడుం కూడా నువ్వే బాగుచెయ్యాలని ఏ మొహంతో అడగనే?"

"నాన్నా."

"చెప్పమ్మా."

"కాలి బొటనవేలు కదుపు."

"నేనేం చెబుతున్నాను, నువ్వేం అంటున్నావు?"

"విన్నాను. అంతా విన్నాను. ఒక్కసారి కదుపు నాన్నా."

"కదుపుతున్నాను కదా."

"..."

"కదులుతుందా?"

"...ఊఁ."

"రెండో కాలిది కూడా కదుపుతున్నాను చూడు."

"చూస్తున్నాను."

"కోపం వచ్చిందా?"

"రాలేదు. ఎవర్నడిగినా అదే అంటారు. నా కాన్పుకి మా ఆయన్ని అడిగినా నేనే కావాలనాలి. అనకపోతే వీపు విరగదొక్కేదాన్ని."

"అమ్మో! అంత పనీ చేసే రకమే నువ్వు. హమ్మయ్య, ఇన్నేళ్ళకి కడుపులో బరువు దిగిందే. ఇదే ముందు చెప్పేస్తే తైలాలూ లేవు, వాతలూ లేవు, తునీ లేదు. ఏంటి, ఏడుస్తున్నావా?"

"లేదు. బాబాయ్! హరిబాబు బాబాయ్! టాక్సీ మాట్లాడు! తొందరగా, కాకినాడ వెళ్ళాలి!"

"టాక్సీ ఎందుకే? ఎవరికేమైంది?"

"నువ్వు కదలకు నాన్నా. అలాగే ఉండు."

"కదిలేదేముంది, ఇదిగో నీకోసం ఊపిరి వదిలేసి పడుకున్నాను. ఇన్నాళ్ళూ నువ్వడిగావు, నేను వద్దన్నాను. ఇవాళ నేనే అడుగుతున్నాను. గట్టిగానే తొక్కు, హరిబాబులా కేకలెయ్యనులే. కాలు పెట్టమ్మా."

"పెట్టాను నాన్నా. నువ్వు అమ్మ ఊసెత్తకముందే పెట్టాను. ఇంకా తియ్యలేదు."