చివరి పాటలో ఒక్క మాట

తిరువూరులో హెప్సిబా ఇంటి వరండా. విస్సన్నపేట నుంచి వచ్చిన చెల్లెలు సలోమి, తమ పడుచు రోజుల నాటి ఇంగ్లీషు పాట వీడియో ఒకటి ఫోనులో పెట్టి అక్క ముందుంచింది.

“మనం పాడినట్టు ‘మేడమీద డోర్’ కాదంటక్కా! ‘మీట్ మీ ఎట్ ద డోర్’ అంట. చూడు, కింద మాటలు కూడా పడుతున్నాయి.”

“పోనీలేవే, మేడమీద డోరే బాగుంది. బావి దగ్గర గొంతెత్తి పాడేదానివి... ఏంటీ, పాడింది ఈయనా? ఆ జుట్టేంటి, ఆ కోటేంటి!”

“నేను సన్నగా, పొడుగ్గా ఉంటాడనుకున్నాను.”

“నీ ప్రేమ్ కిరణ్‌లాగా అను.”

“ఆ పేరు నువ్వెత్తావు, నేను కాదు.”

“నవ్వులాటకన్నానే. రైల్వేస్టేషన్లో అంత పొగేంటి! ఆపెయ్, టీ పెడతాను.”

“కూర్చో. చివరి చరణం రానీ. బొంబాయి ఉద్యోగానికి వెళ్తూ అతను క్యాసెట్ నా చేతిలో పెట్టి, ‘నోటితో చెప్పలేను, చివరి పాటలో ఉంది’ అన్నాడు. ఆ చివరి పాట ఇదేగా. నాకు ఇంగ్లీషు అర్థంకాక నీకిచ్చాను. నువ్వు విని రాసిచ్చావు. ఏం రాశావు?”

“నలభై ఏళ్లయింది. ఎవరికి గుర్తు?”

“నాకు గుర్తు. ఆ కాగితం ఇంకా నా బైబిల్లోనే ఉంది. ‘ఐ వోంట్ కమ్ బ్యాక్’. కింద తెలుగులో కూడా రాశావు, నేను తిరిగి రాను అని.”

“అలాగే వినబడి ఉంటుంది.”

“ఇదిగో, వస్తోంది. కింద చదువు. పైకి చదువక్కా.”

“కళ్లజోడు లోపలుంది.”

“నెత్తిమీదుంది.”

“...ఐ వాంట్ టు కమ్ బ్యాక్.”

“తిరిగి రావాలనుంది అంటున్నాడు. చూడు, రైలు దిగి ఆ పిల్ల కోసం ఎలా పరిగెడుతున్నాడో.”

“వోంట్, వాంట్... ఎంత తేడా ఉంటుందే? టేపు సాగిపోయి—”

“కొత్త క్యాసెట్టు.”

“మన టేప్‌రికార్డర్ సరైంది కాదు మరి.”

“ఆ క్రిస్మస్‌కి అతనొచ్చి మన గేటు దగ్గర నిలబడ్డాడు. రానన్నవాడు ఇప్పుడెందుకొచ్చాడని ఒళ్లు మండి నేను తలుపేసుకున్నాను. నువ్వే బయటికెళ్లావు. ఏం చెప్పావు?”

“నీకు సంబంధం కుదిరిందన్నాను.”

“అప్పటికి కుదరలేదు!”

“నెలలో కుదిరిందిగా.”

“నువ్వు చూసిన విస్సన్నపేట సంబంధమే! అక్కా, అమ్మ పోయాక నువ్వు చెప్పిందే నాకు దేవుడి వాక్యం. ముప్పై ఏళ్లు బళ్లో ఇంగ్లీషు చెప్పావు, పిల్లలు ఒక్క మాట తప్పు పలికితే పట్టేదానివి. నా మొహం చూసి చెప్పు. నీకు నిజంగా తప్పు వినబడిందా?”

“మూడుసార్లు వెనక్కి తిప్పి విన్నాను సలోమీ.”

“విని?”

“వాంట్ అనే వినబడింది. విస్సన్నపేటైతే బస్సెక్కి గంటలో వచ్చి నన్ను చూసి పోతావు. అతన్ని చేసుకుని బొంబాయి వెళ్తే మళ్లీ ఎప్పుడొస్తావే?”